మెయిల్ కింద పేరు

"కింద నా పేరే ఉండాలి షాగుఫ్తా. కంపెనీ నాది, పేరూ నాదే" అన్నాడు పద్మనాభం.

"కూసొని చేసింది నేను సార్! జెర చిన్న అక్షరాలల్లనన్న నా పేరు పెట్టుండ్రి."

"అబ్బే! రామభద్రరావుగారు పేరు చూసి పనిస్తారమ్మా. నీ పేరు ఆయనకేం తెలుసు?"

షాగుఫ్తాకు ఒళ్ళు మండిపోయింది. తెలియనిస్తే కదా తెలిసేది! కష్టం తనది, శభాష్‌లన్నీ ఈయనకా?

యాప్రాల్‌లో స్కూళ్ళు నడిపే రామభద్రరావు, పిల్లల తల్లిదండ్రులకు మెయిళ్ళు పంపే పని ఎవరికిచ్చేదీ ఇవాళ తేల్చేస్తానన్నాడు. నమూనాగా ఒక మెయిల్ పంపమన్నాడు. అది నచ్చితే సికింద్రాబాద్‌లోని ఈ చిన్న ఆఫీసు నిలబడుతుంది. నచ్చకపోతే పద్మనాభం షట్టర్ దించుకోవాల్సిందే.

'దించుకోని. నాకింకో నౌకరీ దొర్కదా ఏందీ!' అనుకుంటూ ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆమె రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం ఒకే మెయిల్‌లో రెండు ఉత్తరాలు పెట్టి పంపుతుంది. ఒకటి రంగులూ బొమ్మలూ ఉన్న సోకుల ఉత్తరం. రెండోది ఉత్త అక్షరాలది, బొమ్మలు చూపించని కంప్యూటర్ల కోసం. మామూలుగా ఫోన్లలో మొదటిదే కనపడుతుంది. రెండోది ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలీదు, పద్మనాభానికి అసలే తెలీదు. కానీ రామభద్రరావు "నాకీ బొమ్మల గోల వద్దమ్మా, ఉత్త అక్షరాలే వచ్చేట్టు పెట్టుకున్నా" అని ఫోన్‌లో షాగుఫ్తాతో ఓసారి అన్నాడు.

ఇంకేం కావాలి! రెండో ఉత్తరంలో ఉన్నదంతా తుడిచేసి, కసితీరా రాసింది: 'మా ఆఫీసులో పరాయి కష్టం మింగే పక్కా దొంగ ఒకరున్నారు. నమ్మకండి. పేరు:'

ఆ పక్కన పద్మనాభం అని తన చేత్తో కొడితే రేపు దొరికిపోదూ! అంత పిచ్చిదేం కాదు. పంపే పేజీలో 'పేరు' అని ఒక బాక్సుంది. అందులో ఏ పేరుంటే అదే రెండు ఉత్తరాల్లోనూ దానంతటదే పడేట్టు చేసింది. బాక్సులో పద్మనాభం పేరు నిక్షేపంగా ఉంది.

పద్మనాభం ముందుగా తన ఫోనుకు పంపించుకుని చూశాడు. రంగులదే కనపడింది.

"ఎంత బాగుందమ్మా! శుభలేఖలా ఉంది" అని మురిసిపోయాడు.

"పేరు మీదే కద సార్. మీకే మంచిగ పేరొస్తది."

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వెళ్ళి చాయ్ తాగి రా. రావుగారికి నేను పంపిస్తాలే" అన్నాడు.

కింద హోటల్లో చాయ్ ఎప్పటిదే అయినా షాగుఫ్తాకు ఇవాళ అమృతంలా దిగింది. 'పంపు సార్, పంపు! నీ గోతి నువ్వే తవ్వుకో' అనుకుని ఇంకో చాయ్ కూడా చెప్పింది.

ఆమె పైకొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. పద్మనాభం హడావుడిగా స్పీకర్ నొక్కాడు.

"చదివానయ్యా పద్మనాభం" అన్నాడు రామభద్రరావు. "ఆఫీసులో దొంగ ఉందని ఇంత బాహాటంగా ఎవరు రాస్తారు?"

"దొంగేమిటండీ?" పద్మనాభం నోరు తెరిచాడు. షాగుఫ్తా నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది.

"దాచకుండా పేరుతో సహా రాశావు చూడూ, ఆ నిజాయితీ నాకు నచ్చింది. పని నీకే! ఆ షాగుఫ్తాను మాత్రం ఇవాళే పంపించెయ్" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

షాగుఫ్తా గిరుక్కున ఇటు తిరిగింది. "నా... నా పేరెట్ల వచ్చింది సార్?"

"అదే నాకూ అర్థం కావట్లేదమ్మా!" అన్నాడు పద్మనాభం ఏడుపు మొహంతో. "పాపం నువ్వన్నదే న్యాయం అనిపించి, పంపేముందు ఆ బాక్సులో నా పేరు తీసేసి నీ పేరు కొట్టాను, అంతే!"