మేడ మీద యాంటెన్నా

“ఆ కవిత్వం వింటే కాకులు కూడా ఊరొదిలి పోతాయి!” అంది వదిన, హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలిస్తూ.

మరిది పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ఆగనే లేదు, మూలన ట్రాన్స్‌మిటర్‌కి తీగతో కలిపిన కొత్త డిజిటల్ రేడియోలోంచి వదిన గొంతే వినిపించింది. “ఆ కవిత్వం వింటే కాకులు కూడా ఊరొదిలి పోతాయి!” ఆ వెంటనే మరిది నవ్వు. రెంటి వెనకా, పాపం, రికార్డు చేసిన బాబాయిగారి పద్యం.

వదిన నిలువునా నీరుగారిపోయింది.

“మైకు ఆపలేదా వదినా?”

“కొక్కేనికి తగిలించానుగా!”

అదే వచ్చిన చిక్కు. వాళ్లిద్దరూ నడిపే ఆ చిన్న రేడియో స్టేషన్‌లో, మీటలుండే పాత ఎఫ్‌ఎం బల్లకి మరిది సొంత బుర్రతో ఒక ఏర్పాటు చేశాడు. హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలిస్తే చాలు, మైకు దానంతటదే ఆగిపోయేది. వదిన చెయ్యి ఇన్నేళ్లూ దానికే అలవాటు పడింది. నిన్న బిగించిన డిజిటల్ బల్లకి ఆ కొక్కెం ఉత్త కొక్కెం. మైకు ఆగాలంటే బటన్ నొక్కాలి. ఆ మాట మరిది చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ ‘ఊ’ కొట్టింది.

ఇప్పుడు ఠక్కున నొక్కింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు అన్నట్టు.

“డిజిటల్‌లో మాట కాస్త ఆలస్యంగా వెళ్తుందన్నావుగా! మధ్యలో పట్టుకోలేవూ?”

“జారిపోతున్న చీర కొంగా వదినా, పట్టుకోడానికి?”

వదిన కుర్చీలో కూలబడింది. నెలాఖరుకి ఎఫ్‌ఎం ఆపేసి డిజిటల్‌కి మారాలని సర్కారు ఉత్తర్వు. సొంతంగా డిజిటల్ ట్రాన్స్‌మిటర్ పెట్టుకునే తాహతు లేదు. పెద్ద టవరు వాళ్లు అడిగిన అద్దె వింటేనే కళ్లు తిరిగాయి. ఇంటర్నెట్ ఒక్కదాన్నే నమ్ముకుందామంటే, వంటింట్లోనూ దుకాణాల్లోనూ పెట్టె పక్కన పెట్టుకుని వినేవాళ్లంతా జారిపోతారు. చివరికి ఇలాంటి చిన్న స్టేషన్లు నాలుగు కలిసి ఒకే ట్రాన్స్‌మిటర్ పంచుకుందామనుకున్నాయి. దాని యాంటెన్నాకి సరిపడా ఎత్తున్న మేడ చుట్టుపక్కల ఇదొక్కటే. స్టేషన్ గదికి సరిగ్గా కింది వాటాలో ఉండే బాబాయిగారు, “నా పద్యాలు వేస్తే పెట్టుకోండి” అన్నారు. ఈ పూట ఎఫ్‌ఎం ఆపి, డిజిటల్‌లో పరీక్ష ప్రసారం. ఆయనకి నచ్చితే యాంటెన్నా ఉంటుంది. కోపమొస్తే దిగుతుంది. అది దిగితే స్టేషన్‌కి తాళమే.

మెట్ల మీద చెప్పుల చప్పుడు టకటకా పైకొచ్చింది.

“వచ్చేస్తున్నారు. నువ్వే మాట్లాడు,” అన్నాడు మరిది.

“నవ్వింది నువ్వు కాదూ?”

“అన్నది నువ్వు కాదూ?”

తలుపు ధడాలున తెరుచుకుంది. బాబాయిగారి చేతిలో, పొద్దున మరిది ఇచ్చిన డిజిటల్ పెట్టె. మొహం కందగడ్డలా ఉంది. వెనకాలే ఆయాసపడుతూ పిన్నిగారు.

“ఏమ్మా, ఇదేనా మీరు నాకిచ్చే మర్యాద?”

వదిన రెండు చేతులూ జోడించింది. “బుద్ధి గడ్డి తిని బాబాయిగారూ, ఏదో నోరు జారి...”

“నోరేమిటి, ముందు పెట్టె పలకాలిగా! ఇందాకట్నుంచీ దీని ముందు కూర్చున్నాను. ఒక్క ముక్క వినపడితే ఒట్టు!”

వదినా మరిదీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“ఒక్క ముక్క కూడానా?” అంది వదిన ఆశగా.

“గుర్రుమని కూడా అనలేదు!”

“దీపం కింద చీకటి బాబాయిగారూ!” అందుకున్నాడు మరిది, గొంతులో ఉత్సాహం ఆగక. “యాంటెన్నా మీ నెత్తి మీదే ఉంది. ప్రసారం నాలుగు వైపులా పోతుంది గానీ తిన్నగా కిందికి దిగదు. పైగా డిజిటల్‌లో గరగరలుండవు. వస్తే నిక్షేపంగా వస్తుంది, లేకపోతే అసలే రాదు.”

“మరి ఊళ్లోవాళ్లంతా వినేశారా?”

“ఎక్కడండీ! డిజిటల్ పెట్టెలు ఇంకా ఎవరు కొన్నారు? పరీక్షకని తెచ్చింది రెండే. ఒకటి ఇది, ఒకటి మీ చేతిలోది.”

వదినకి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి ఆవిడ నోట్లోంచి వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసింది.

“పదండి, సందు చివరికెళ్దాం. అక్కడ ఖంగుమంటుంది. వదినా, మొదట్నుంచీ మళ్లీ వెయ్యి!” అంటూ మరిది ఆయన్ని కిందికి నడిపించుకుపోయాడు. బాబాయిగారు కొత్త పెళ్లికొడుకులా వెళ్లారు.

వదిన రికార్డు మళ్లీ పెట్టింది. మైకు ఆగిందో లేదో రెండుసార్లు చూసుకుంది. బతికిపోయాం దేవుడా అనుకుంటూ ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది. పిన్నిగారు అక్కడే ఉన్నారు. తలుపు దగ్గరగా వేస్తున్నారు.

“నేను విన్నానమ్మాయ్,” అన్నారావిడ మెల్లగా.

“ఏది పిన్నిగారూ?”

“కాకుల సంగతి. ఆయన పెట్టె పలక్కపోతే, ఇంటర్నెట్‌లో కూడా వేస్తున్నారటగా అని వంటింట్లో నా ఫోన్లో పెట్టాను. ఆయనకి చెప్పలేదులే.”

వదిన చటుక్కున వంగింది. “మీ కాళ్లు పట్టుకుంటాను పిన్నిగారూ, ఆ యాంటెన్నా మాత్రం...”

“దాన్నెవరూ కదపరు. మేడ ఆయనది కాదు, మా నాన్న నాకిచ్చాడు. నేను ఉంచమంటే ఉంటుంది. కాకపోతే ఒక్కటే షరతు.”

“ఆ పద్యాలు ఆపెయ్యాలి, అంతేగా?” అంది వదిన, సంతోషం దాచుకోలేక.

“అయ్యో, అంత పని చెయ్యకు, నా కొంప మునుగుతుంది! రోజూ పిలిచి చదివించు,” అన్నారు పిన్నిగారు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుని. “ఇంట్లో చదివితే కట్టెయ్యడానికి మీట లేదు తల్లీ, రేడియోకైతే ఉంది!”