మూడో సాక్షి

"ఈ మూడో సాక్షి ఎవరమ్మా?"

పెళ్లి సర్టిఫికెట్ జిరాక్సు మీద పెన్ను ఆనించి అడిగాడు ఎస్సై.

ప్రవీణ చంకలో బిడ్డను సర్దుకుని తొంగి చూసింది. మొదటి రెండు సంతకాలూ భర్త జుమా స్నేహితులవి. చదువులు అయ్యాక ఇద్దరూ జుమా దేశమైన టాంజానియాకే తిరిగి వెళ్లిపోయారు. మూడోది వంకరటింకరగా, కాగితం చిరిగేంత నొక్కి రాసి ఉంది. మొగిలి.

"తెలీదండి."

"నీ పెండ్లికి సాక్షి. నీకే తెల్వదా?"

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. "వీసా కోసం చేస్కున్న పెండ్లిళ్లు గిట్లనే ఉంటయి సార్."

ఎనిమిది నెలల చిన్ను ఆయన టోపీ కోసం చెయ్యి చాపాడు.

"మీ నాయన్ని తోల్కరా. ఆయనొచ్చి చెప్తే రాస్త."

"మా నాన్న రారండి. నాకు నీళ్లొదిలేసి రెండేళ్లయింది."

ఎస్సై కాసేపు బిడ్డ ఉంగరాల జుట్టు చూశాడు.

"చూడమ్మా. మీ ఆయన వీసా శుక్రవారంతో అయిపోతది. పెండ్లి నిజమేనని నేను రిపోర్టు రాస్తేనే పొడిగిస్తరు. రేపు ఈ మొగిలిని పట్టుకరా. లేకుంటే ఆయన దేశం ఇడిసి పోవాలె."

"మళ్లీ ఎప్పుడు రానిస్తారండి?"

ఎస్సై ఫైలు మూశాడు.

సాక్షి ఆధార్ జిరాక్సు మీద లింగంపల్లి చిరునామా ఉంది. గచ్చిబౌలిలో బస్సెక్కి కూర్చున్నాక ఆ ముఖం ఆమెకు గుర్తొచ్చింది.

రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల దగ్గర, పెళ్లి రోజు. సాక్షిగా వస్తానన్న స్నేహితురాలు జయంతి ఫోను ఆపేసింది. అంతలో ప్రవీణ చెప్పు తెగింది. జుమా మోకాళ్ల మీద కూర్చుని, చెప్పు చేతిలోకి తీసుకుని పిన్నీసు పెడుతున్నాడు. నోటీసు బోర్డు కింద నిలబడి ఒక పెద్దాయన గంట నుంచీ వాళ్లనే చూస్తున్నాడు. చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం.

మెల్లగా దగ్గరకొచ్చాడు.

"బిడ్డా, పిలగాడు మంచోడేనా?"

"మీకెందుకండీ?"

"ఊకనే అడిగిన."

జుమా తలెత్తాడు. "మంచోడినే పెద్దాయనా. తెలుగే జర మంచిది లేదు."

ఆయన నవ్వాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

లోపలి నుంచి గుమాస్తా అరిచాడు. మూడో సాక్షి లేకపోతే ఇంకో రోజు రమ్మని.

"నేను పెడ్త సంతకం," అన్నాడు పెద్దాయన.

అంతా అయ్యాక, "మా ఇంట్ల ఒక్క పూట అన్నం తినిపోండ్రి. నంబరియ్యి బిడ్డా, పిలుస్త," అన్నాడు.

ఎవరో ఏమిటో అని భయమేసింది ప్రవీణకు. చివరి అంకె మార్చి చెప్పింది.

లింగంపల్లి రైల్వే స్టేషను వెనక, రేకుల ఇల్లు. గుమ్మంలో ఒకామె చింతపండు గింజలు తీస్తోంది.

"మొగిలి గారి ఇల్లేనాండీ?"

"ఇదే. నేను ఆయన భార్యను, నీలమ్మను."

"ఆయన ఎప్పుడొస్తారండీ?"

నీలమ్మ చేతులు ఆగాయి. "పోయి మూడు నెలలాయె బిడ్డా."

ప్రవీణ గుమ్మంలోనే కూర్చుంది. ఎందుకొచ్చిందో సగం చెప్పేసరికే నీలమ్మ ముఖం మారింది.

"చెప్పుకు పిన్నీసు పెట్టిన పిలగాని పెండ్లానివా?"

"మీకెట్లా తెలుసండీ?"

"పోయేదాక మీ ముచ్చటే. ఆడపిల్ల చెప్పు చేత్ల వట్టుకున్నోడు ఆమెను నడిమిట్ల ఇడిసిపెట్టడు అనేటోడు. నువ్విచ్చిన నంబరుకు ఎన్నిసార్లు కొట్టిండో. ఎవడో ఎత్తి తిట్టేటోడు. అయినా మల్ల కొట్టేటోడు."

ప్రవీణ బిడ్డ తలలో ముఖం దాచుకుంది.

"మీ పెండ్లి దినమే ఆయన పని పోయింది. పద్నాలుగేండ్లు ఒక్క సేటు కాడనే చేసిండు, గోదాముల. ఎందుకు ఎల్లగొట్టిండో అడిగితే, ఊకో అన్నడు. ఈ వయసుల కంపెనీ గేటు కాడ పన్నెండు గంటలు నిలబడే నౌకరీ. కాళ్లు ఉబ్బుతుండె. ఆ గేటు కాడనే పడిపోయిండు."

ఫోను మోగింది. జుమా.

"పెద్దాయన దొరికినాడా?"

"వాళ్లింట్లోనే ఉన్నాను," అంది. ఆయన పోయారని చెప్పకుండానే ఫోను పెట్టేసింది.

రేపు పోలీస్ స్టేషన్లో ఏదో ఒకటి చూపించాలి కదా.

"డెత్ సర్టిఫికెట్ ఉంటే ఇస్తారా అత్తా? జిరాక్సు తీయించి తెచ్చిస్తాను."

నీలమ్మ ట్రంకు పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "నాకు చదువు రాదు. కావాల్సింది నువ్వే చూస్కో."

చిన్నుని నీలమ్మ ఎత్తుకుంది. వాడు కొత్త లేకుండా ఆమె భుజం మీద వాలాడు.

రేషన్ కార్డు. దవాఖాన చీటీలు. డెత్ సర్టిఫికెట్. దాని కింద, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి.

విప్పగానే ప్రవీణ ఆ చేతిరాతను గుర్తుపట్టింది. తనను తొమ్మిదో తరగతిలో బడి మాన్పిస్తూ హెడ్మాస్టరుకు నాన్న రాసిన చీటీలో ఉన్నవీ ఇవే అక్షరాలు.

"ఆయన జేబుల ఉండె అది," అంది నీలమ్మ. "పారెయ్యనియ్యలే, ఎవ్వరికీ చూపనియ్యలే. పనికొస్తదా?"

తన పెళ్లి తేదీ వేసి ఉన్న ఆ కాగితాన్ని ప్రవీణ వేలు పెట్టి, ఒక్కో మాటే చదివింది: "రిజిస్ట్రారు గారికి, మా అమ్మాయి ప్రవీణకు మతిస్థిమితం లేదు, ఆ పరాయి దేశంవాడితో ఈ రోజు జరిగే పెళ్లి ఆపించండి, ఈ కాగితాన్ని మా గోదాములో పనిచేసే నమ్మకస్తుడు మొగిలి చేతికిచ్చి పంపుతున్నాను — ఇట్లు, బుల్లిబాబు, అమ్మాయి తండ్రి."