నాలుగు సార్డీన్లు

“ఈరోజు తనిఖీ నీతోనే మొదలు. ముందు నీ గిన్నె తెరువమ్మా,” అన్నాడు మేనేజరు.

ఆమె మూత మీద చెయ్యి వేసి ఆగిపోయింది. చేపల డబ్బాల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇన్నాళ్ళూ పరుల గిన్నెలు తెరిపించిన మనిషి. కొంగున చేపలు దొరికాయని నిన్ననే ఒక ఇల్లాలిని అందరి ఎదుటా నానా మాటలు అని పనిలోంచి సాగనంపింది. ఈ మధ్యాహ్నం ఆ చేతులతోనే, ఆవిరిలో ఉడికి వచ్చిన పళ్ళెంలోంచి నాలుగు సార్డీన్ చేపలు తీసి తన అన్నం గిన్నెలో దాచింది! ఆకలి కాదు, లేమి కాదు, కేవలం జిహ్వచాపల్యం. ఎన్నడూ లేనిది, ఆ వాసన తగిలితే చాలు, ప్రాణం లాగేస్తోంది.

“ఏంటా ఆలస్యం? బంగారం గానీ దాచావా?” అని వరుసలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆమె కళ్ళు మూసుకుని మూత తీసింది.

“కడిగిన ముత్యం! చూసి నేర్చుకోండి,” అన్నాడు మేనేజరు.

కళ్ళు తెరిచింది. గిన్నె ఖాళీ.

ఏమి జరిగిందో అంతుపట్టకుండానే ఒక్కొక్కరి గిన్నె చూస్తూ వరుస చివరికి వచ్చింది. అక్కడ ఆమె తల్లి నిలబడి ఉంది. చేపలను డబ్బాల్లో పేర్చే పని ఆవిడది. ఉడికిన పళ్ళేలు మొదట చేరేది ఆవిడ బల్లకే. తల్లీకూతుళ్ళ గిన్నెలు ఒకే తీరువి. కాని మూత మీద సొట్ట ఉన్నది కూతురిది. అది ఇప్పుడు తల్లి చేతిలో ఉంది.

“తెరవక్కర్లేదు బాబూ,” అంది తల్లి మేనేజరుతో. “నాలుగు చేపలున్నాయి. నేనే తీశాను. ముసలిదాన్ని, నోరు కట్టుకోలేకపోయాను.”

“ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి పెద్దమ్మా!” మేనేజరు కూతురివైపు తిరిగాడు. “తల్లి కదా అని ఊరుకుంటే రేపు నీ మాట ఎవరు వింటారు? నిన్న ఆవిడను పంపినట్టే పంపు.”

‘అవి నావి’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. వరుసలోని ముఖాలన్నీ తననే చూస్తున్నాయి. నిన్నటి ఇల్లాలి చెల్లెలూ వారిలో ఉంది.

“బయటికి నడు... రేపట్నించి పనిలోకి రావద్దు,” అంది, తల్లి పాదాలనే చూస్తూ.

తల్లి గిన్నెను బల్లమీద పెట్టి, కూతురి చెవి దగ్గరికి వంగింది.

“ఏడవకే పిచ్చిపిల్లా, ఇది వేవిళ్ళ కోరిక. నువ్వు కడుపున పడ్డప్పుడు నేనూ ఇక్కడే దొంగిలించాను.”