ఇనుము అనకూడని కోడలు

డుగ్గు, డుగ్గు, డుగ్గు. ఆగి, ఒక తుమ్ము తుమ్మి, మళ్ళీ డుగ్గు, డుగ్గు.

బండి ఇంకా మలుపు తిరగలేదు. చప్పుడు మాత్రం ముందే వచ్చి రోడ్డు మీద నిలబడింది. మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. తెలిసిన గొంతేనని మళ్ళీ దించుకున్నాయి.

తర్వాత దుమ్ము వచ్చింది. దుమ్ము వెనక సైడ్‌కార్ బండి వచ్చింది. నడుపుతున్నది అసిల్‌కాన్. సైడ్‌కార్‌లో, మోకాళ్ళ మీద దుప్పటితో, ఆమె అత్తగారు. కుడి మలుపు వస్తే చాలు, సైడ్‌కార్ చక్రం నేల విడిచి లేవబోతుంది. అప్పుడు ముసలామె బయటికి ఒరిగి, తన బరువంతా మోపి దాన్ని కిందికి దించుతుంది. హ్యాండిల్ కోడలిది, బరువు అత్తది. ఇద్దరూ కలిస్తేనే మలుపు.

ఆ రోజు కొండమీది పచ్చికలో తొలి కుమిస్. గుర్రప్పాలు తోలుసంచిలో పులిసి సిద్ధంగా ఉన్నాయి. ఇంటి పెద్దామె తొలి గుక్క తాగి దీవించనిదే గిన్నె మరొకరి చేతికి వెళ్ళదు. మామగారూ, మగడూ, ఇరుగుపొరుగు గుడారాల వాళ్ళూ పైన నోరు కట్టుకుని కూర్చుని ఉంటారు. అత్తగారు ఏ ఏడూ తప్పలేదు. ఇప్పుడు ఆ మోకాళ్ళు గుర్రాన్ని మానేశాయి. ఈ బండి లేకపోతే ఆమెకు కొండ లేదు.

అందుకే అసిల్‌కాన్ తెల్లవారగానే ప్లగ్గులు విప్పి మసి గీకింది. పానాతో స్పోకులను ఒక్కొక్కటే తట్టి, మందంగా మోగినదాన్ని బిగించింది. ఆ పనులు నేర్పింది మామగారే. నేర్చుకోవడంలో ఒకటే చిక్కు. కోడలు మామగారి పేరు పలకకూడదు. ఆ పేరులో ఉన్న మాటలూ పలకకూడదు. వాళ్ళ భాషలో ఆయన పేరుకు అర్థమేమో ఇనుము, ఉక్కు. బండిలో ఆ రెండూ తీసేస్తే మిగిలేది పెట్రోలూ, బురదా. అందుకని ఇనుమును ఆమె 'గట్టిది' అనేది. ఉక్కును 'మరీ గట్టిది' అనేది. ఊళ్ళో మెకానిక్కులు కూడా ఆమెతో ఆ భాషలోనే బేరమాడేవారు.

వంతెన దగ్గర కొత్త పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఈమధ్య లోయలో బండ్లు మాయమవుతున్నాయి. జీపులో కూర్చున్న కెప్టెన్ వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. పొద్దున్నే తన మనుషులకు ఒక్క మాట చెప్పాడు. ఈ లోయలో అందరూ అందరికీ చుట్టాలేనట. ఈరోజు మాత్రం ఎవరూ ఎవరికీ ఏమీ కారట.

కొత్త పోలీసు ఆ మాటను యూనిఫాం మీద తొడుక్కున్నట్టే ఉన్నాడు. అసిల్‌కాన్ ముఖం చూడలేదు. ఆమెను ఏమని పిలవాలో తోచక హెడ్‌లైటుతో మాట్లాడాడు. కాగితాలు అడిగాడు. అవి యజమాని దగ్గర, కొండ మీద ఉన్నాయని ఆమె చెప్పింది. బండి జారకముందే అతను ఒక రాయి తెచ్చి వెనక చక్రానికి ఆనించాడు. ముసలామె జేబులోంచి ఎండుపెరుగు ఉండ తీసి, ఎండలో నిలబడ్డావు తినమంటూ అతని చేతిలో పెట్టింది. అతను జీపు వైపు చూసి, గబుక్కున జేబులో వేసుకున్నాడు. నడుంపట్టీ వదులుగా ఉందని అసిల్‌కాన్ అంది. అతను బిగించుకున్నాడు.

కెప్టెన్ దిగి వచ్చాడు. నడిపేవాళ్ళో, వాళ్ళ ఇంటివాళ్ళో యజమాని పేరు చెబితే చాలన్నాడు. వైర్‌లెస్‌లో బండి నంబరుతో సరిచూసుకుని వదిలేస్తానన్నాడు.

"మా మామగారి బండి సారూ," అంది అసిల్‌కాన్.

"ఆయన పేరు?"

"మామగారే."

కెప్టెన్‌కు సంగతి అర్థమైంది. జిల్లా వేరైనా, అతనూ ఆ ఆచారాల మధ్య పుట్టినవాడే. అయినా చట్టానికి అత్తమామలు ఉండరన్నాడు.

ఆమె సాయం చేయబోయింది. "ఈ బండి నిండా ఏముందో, అదే ఆయన పేరు."

"బురదా?"

సైడ్‌కార్‌లోంచి ఫక్కున నవ్వు వినిపించింది. కొత్త పోలీసు దగ్గు తెచ్చుకున్నాడు.

వైర్‌లెస్‌కు పొడుపుకథలు అర్థం కావని కెప్టెన్ చెప్పాడు. అత్తగారి వైపు తిరిగాడు. ఆమె మొగుడి పేరు ఆమె మాత్రం ఎన్నడు పలికింది? 'ఇదిగో', 'వింటున్నావా' అనే రెండు మాటల మీదే ఆ కాపురమంతా నడిచింది.

"నీ పెళ్ళాం నిన్ను పేరు పెట్టి పిలుస్తుందా నాయనా?" అని ఆమే అడిగింది.

"పిలుస్తుంది పెద్దమ్మా. వీధి చివరికి వినబడేట్టు."

"అయ్యో పాపం."

కెప్టెన్ నవ్వాడు. నవ్వుతూనే తాళంచెవికి చెయ్యి చాచాడు.

ఎండ కొండ ఎక్కుతోంది. పైన గిన్నె ఎదురుచూస్తోంది. అసిల్‌కాన్ నోరు తెరిచింది. పేరు నాలుక కొన దాకా వచ్చింది. ముసలామె చటుక్కున కోడలి మోచెయ్యి పట్టుకుంది. వద్దంది. ఒక ఏడు తను తాగకపోతే గుర్రాలేమీ పాలు మానేయవంది. అని, కొండ వైపు చూడకుండా దుప్పటి సర్దుకుంది.

తాళంచెవి కెప్టెన్ చేతిలో పడింది. అతనికీ అది బరువుగానే ఉన్నట్టుంది.

"ఆ పేరు పలకగల ఇంటివాడు ఈ లోయలో ఒక్కడైనా లేడా?" అన్నాడు విసుగ్గా.

కొత్త పోలీసు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మా అమ్మ పలకదు సార్, మా నానమ్మా పలకదు, మా తాత పేరు తెమిర్‌బొలోత్."