సంధ్యాపాప

“సార్, సంధ్యకి ఎడమ చెంపే ఎందుకు ఎర్రబడింది? రెండూ ఎర్రబడొచ్చుగా?”

రెండో బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచి అడిగేసరికి కవిగారు వెనక్కి తిరిగారు. ఎదురుగా నల్లబల్ల మీద ఆయన కవితే ఉంది. ఆ తరగతికి పాఠం చెప్పేది కవిగారి కూతురే; ఆమే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టింది.

ఎడమ చెంప ఎర్రబడి
చేతినిండా సిరా పూసుకుని
మూసిన తలుపు ముందు
నిలబడింది సంధ్యాపాప.
జారనా వద్దా అంటూ
కంటి చివర ఒక్క చుక్క.

ఆయన రాసిన పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. జనం మాత్రం ఈ నాలుగు ముక్కల్నే పట్టుకున్నారు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిందీ ఇదే. ఏ సభలో ఎవరు చదవమన్నా, గొంతు బాగాలేదనో, కళ్ళజోడు మరిచిపోయాననో తప్పించుకునేవారు. “మా పిల్లలు నిన్ను చూడాలంటున్నారు నాన్నా” అని కూతురు పోరగా పోరగా ఇవాళ తప్పలేదు.

“మీరే ఆలోచించి చెప్పండర్రా” అన్నారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

వెనక బెంచీలో ఓ చెయ్యి లేచింది. “సంధ్య ఉత్తరం వైపు తిరిగి నిలబడింది సార్! అప్పుడు పడమర ఎడమ పక్కకొస్తుంది!”

“మరి సిరా?” అడిగింది కూతురు.

“రాబోయే చీకటి!”

“కంటి చివర చుక్క?”

“మొదటి నక్షత్రం!” క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

రెండు జడల పిల్ల మాత్రం వదల్లేదు. “తలుపు ఎందుకు తియ్యలేదు సార్?”

“సంధ్య ఎక్కడైనా ఇంట్లోకొస్తుందా, మొద్దూ!” అంటూ పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. అందరూ గొల్లుమన్నారు. కవిగారికి నవ్వు రాలేదు.

స్టాఫ్ రూములో హెడ్మాస్టరు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. “ఉత్తరం వైపు నిలబెట్టడం! ఎంత సూక్ష్మదృష్టండీ మీది! మాకు సాయంత్రమంటే టీ తప్ప ఇంకోటి గుర్తురాదు.”

“అబ్బే, అంత ఆలోచించి రాసింది కాదండీ.”

“చూశారా, చూశారా, ఆ వినయం!”

చప్పట్లు మోగాయి. కవిగారి తల ఇంకాస్త వంగిపోయింది.

బస్టాపులో తండ్రీకూతుళ్ళిద్దరే మిగిలారు. ఎదురుగా మేడల మీద ఎండ మెల్లగా ఎర్రబడుతోంది. ఆయన అటు చూడలేక చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు.

“మొహం అలా పీక్కుపోయిందేంటి? అలసిపోయావా?” అంది కూతురు, ఆయన చేతిసంచీ అందుకుంటూ.

“ఏం లేదమ్మా.”

తన కవితలన్నిటికీ మొదటి పాఠకురాలు ఆమే. బాగాలేకపోతే మొహమాటం లేకుండా దులిపేస్తుంది కూడా. ఈ ఒక్క కవిత ఊసు మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగారు. మళ్ళీ పైకొచ్చింది.

“ఆ ఉత్తరం వైపు సంగతి... పిల్లలకి నువ్వే చెప్పావా?”

“గైడులో ఉంది. పరీక్షలో తప్పకుండా అడుగుతారు.”

“దిక్కుల గురించి నేను ఆలోచించనే లేదమ్మా. అందరూ అలా పొగుడుతుంటే తల కొట్టేసినట్టుంది.”

“మరి కుడి చెంప అని రాయొచ్చుగా? ఎడమ అనే ఎందుకు రాశావు?”

“ఏమో... అలా వచ్చేసింది.”

కూతురు సంచీ భుజానికి తగిలించుకుని, ఆయనకి ఇంకాస్త దగ్గరగా జరిగి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు.

“కుడిచేత్తో కొట్టావు కదా, నాన్నా.”