రెండో పళ్లెం

"ఒక్క బిస్కెట్‌కే కొంప మునిగిపోతుందా?" అంది అక్క.

"మునుగుతుందమ్మా," అంటూ వంటావిడ తమ్ముడి చేతిలోంచి బిస్కెట్ తీసేసుకుంది.

ఆ మానసిక ఆసుపత్రి వంటగదిలో వెన్న కూడా గ్రాముల్లో తూచాల్సిందే. వార్డంతా ఆవిడకి తూకాలమ్మ అని పేరు పెట్టేసింది.

తమ్ముడికి మతి చెదిరి ఆరేళ్లు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది అక్కే. వాడు మళ్లీ 'అక్కా' అని పిలిస్తే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

"మెదడు కూడా పొయ్యి లాంటిదేనమ్మా," అన్నాడు డాక్టరు. "కొందరికి పిండీ చక్కెరా అందులో సరిగ్గా మండవేమోనని మా అనుమానం. కొవ్వుతో నడిపి చూస్తున్నాం. మాత్రలు మాత్రం ఆపకూడదు."

నాలుగో వారం తమ్ముడు తలెత్తి చూశాడు.

"అక్కా, నీ జుట్టు నెరిసిపోయిందేంటే?"

అక్క బావురుమంది.

ఆ సంతోషం చెబుదామనే వంటగదికి పరిగెత్తింది. తీరా చూస్తే, సామాన్ల గదిలో ఓ మూల కూర్చుని తూకాలమ్మ తింటోంది. అవే గుడ్లు, అదే వెన్న, అవే ఆకుకూరలు. అచ్చం తమ్ముడి పళ్లెమే.

అక్కకి ఒళ్లు మండిపోయింది.

"వాడికి బిస్కెట్ దక్కనివ్వవు, వాడి నోటికాడి కూడు మాత్రం నువ్వు మింగుతావా?"

తూకాలమ్మ నోట్లో ముద్ద మింగలేదు, కక్కలేదు.

డాక్టరు సెలవులో ఉన్నాడు. అక్క నేరుగా సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి నలుగురూ వినేలా చెప్పింది.

"రోగుల పథ్యం నువ్వెందుకు తిన్నావు?" అని ఆయన మూడుసార్లు అడిగాడు. చివరికి పనిలోంచి తీసేశాడు.

ఆవిడ ఏప్రన్ మడిచిపెట్టింది. త్రాసు శుభ్రంగా తుడిచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"తమ్ముడికి వెన్న తగ్గనివ్వకమ్మా. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు."

"దొంగబుద్ధికి తోడు నీతులొకటి!" అంది అక్క.

మూడు నెలలకి తమ్ముడు తన బట్టలు తానే సర్దుకుని ఇంటికి బయల్దేరాడు. డాక్టరుకి దణ్ణం పెట్టి వెళదామని అక్కాతమ్ముళ్లు ఆయన ఉన్న ఆడవాళ్ల వార్డు దాకా వచ్చారు.

చివరి మంచం మీద ఒకావిడ కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయింది. ఎవరినీ చూడటం లేదు. ఖాళీ అరచేతుల్లో ఏదో తూస్తోంది.

"తూకాలమ్మ కదూ?" అన్నాడు తమ్ముడు.

అక్క మంచం దగ్గరికి వెళ్లింది. "ఈవిడకేమైంది డాక్టరుగారూ?"

"పని పోయింది, నేను సెలవు నుంచి వచ్చేసరికే ఎటో వెళ్లిపోయింది. పథ్యం తప్పింది. మాత్రలూ మానేసింది. ఏడేళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది."

"మరి ఆ రోజు నోరు విప్పి చెప్పొచ్చుగా!"

"జబ్బు మనిషని తెలిస్తే వంటగదిలోకి ఎవరు రానిస్తారమ్మా? ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది."

డాక్టరు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నువ్వు చూసింది నీ తమ్ముడి పళ్లెం కాదు, ఈ పథ్యం మీద మొట్టమొదట కోలుకున్న మా పేషెంటుకి నేనే రోజూ పెట్టిస్తున్న పళ్లెం."