వడ్రంగి పిట్ట అద్దె గది

పెద్ద అడవిలో చోటు దొరక్క, చిన్న తోపుకొచ్చిన ఓ వడ్రంగి పిట్ట ఎండిన చెట్టుకు రెండు తొర్రలు తొలిచింది. ఒకదాంట్లో తానుండి, రెండోది అద్దెకిద్దామనుకుంది.

గూడున్న చెట్టు కూలిపోతే, గుడ్లు పెట్టే వేళకు ఓ చిలక వచ్చింది. "పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఇస్తావా అక్కా? అద్దెకింద రోజూ చీమలు తెస్తాను."

"సరే. గోల మాత్రం చేయకూడదు," అంది, పొద్దస్తమానం టకటకలాడించే వడ్రంగి పిట్ట.

గుడ్లు పిల్లలయ్యాయి. తెల్లారితే చాలు, ఒకటే గోల. వడ్రంగి పిట్ట విసుక్కునేది. కానీ పిల్లలు పడుకుంటే మాత్రం, చప్పుడు కాకుండా వేరే చెట్టుకు పోయి పొడుచుకునేది.

రెక్కలొచ్చాయి. అందరూ ఎగిరిపోయారు.

మర్నాడు గోరింక వచ్చింది. "గది నాకివ్వు పిన్నీ. ఒక్కదాన్నే. రెట్టింపు చీమలు తెస్తాను, చప్పుడే చేయను."

వడ్రంగి పిట్ట ఖాళీ తొర్రలోకి తొంగి చూసింది.

"నీకు కుదరదులే అమ్మా. పిల్లలున్నవాళ్లకే ఇస్తాను."